పాత పార్టు ఎక్కడ?

షెడ్డులో వదిలిన కారు గురించి మధ్యాహ్నం ఫోన్ వస్తుంది. ‘సార్, విప్పి చూశాం. బ్రేక్ డిస్కులు పోయాయి, బుష్‌లు కూడా మార్చాలి. చేసేయమంటారా?’ కారు యజమాని ఆఫీసులో పని మధ్యలో ఉంటాడు. సాయంత్రానికి బండి కావాలి. విప్పేసిన బండిని మరో చోటికి తీసుకెళ్లే వీలు లేదు. టెన్షన్‌లో ‘సరే, చేసేయండి’ అంటాడు. ఐదు వేలనుకున్న బిల్లు పాతిక వేలవుతుంది. నిజంగా డిస్కులు పోయాయో లేదో ఆయనకు ఎప్పటికీ తెలియదు.

మెకానిక్‌లందరినీ ఒకే గాట కట్టడం మా ఉద్దేశం కాదు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల శబ్దం విని లోపం చెప్పగల పనిమంతులున్నారు, వందల్లో పోయేదానికి వేలు అడగని నిజాయతీపరులున్నారు. మోసగాళ్ల వల్ల కస్టమర్ తరువాత ఎక్కువగా నష్టపోతున్నది వాళ్లే. కానీ నమ్మకం ఒక్కటే ఆధారంగా సాగుతున్న ఈ వ్యాపారంలో మంచివాడెవరో, మాయగాడెవరో తేల్చుకునే దారి కస్టమర్‌కు లేదు. ఆ దారి చూపించేది కాగితమే.

బండి అప్పగించేటప్పుడే జాబ్ కార్డు రాయించుకోవాలి. అందులో కిలోమీటర్ల రీడింగు, చేయాల్సిన పని, అంచనా ఖర్చు ఉండాలి. ‘అదనపు పనికి నా మెసేజ్ తప్పనిసరి’ అన్న మాట కూడా రాయించాలి. మరో సంగతి, మనం చెప్పాల్సింది లక్షణం, రోగం పేరు కాదు. ‘ఎడమవైపు తిప్పితే టకటకమంటోంది’ అంటే కారణం వెతకాల్సిన పని మెకానిక్‌ది. ‘సస్పెన్షన్ పోయినట్టుంది’ అని మనమే అంటే, అది బాగానే ఉన్నా మార్చేసి బిల్లు వేయడానికి మనమే చోటిచ్చినట్టు. మార్చిన పాత పార్టులన్నీ డిక్కీలో పెట్టాలని ముందే చెప్పాలి. పని అయ్యాక అడిగితే ‘స్క్రాప్‌కు పోయింది సార్’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.

కొద్దిపాటి పరిజ్ఞానం కూడా జేబును కాపాడుతుంది. ఎండాకాలం రాగానే ‘ఏసీ గ్యాస్ అయిపోయింది’ అంటారు. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. ఏడాదిలోనే తగ్గిపోయిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతకకుండా ఏటా గ్యాస్ నింపేవాడు మరుసటి వేసవి గిరాకీని కూడా ఇప్పుడే ఖాయం చేసుకుంటున్నాడు. బ్రేక్ ప్యాడ్లు అరిగాయంటే ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయో ఫొటోతో చూపమనండి. ప్యాడ్లు అరగడం మామూలే, డిస్కులు వాటికంటే చాలా ఎక్కువ కాలం వస్తాయి. ఇంజిన్ ఆయిల్ ఎన్ని లీటర్లు పడుతుందో కారుతో వచ్చిన మాన్యువల్‌లో ఉంటుంది, దాన్ని బిల్లుతో పోల్చుకోండి. ఇంజిన్ ఫ్లష్, ఏసీ డిస్‌ఇన్‌ఫెక్షన్ లాంటి పేర్లు కనిపిస్తే, కంపెనీ సర్వీస్ షెడ్యూల్‌లో అవి ఉన్నాయా అని అడగండి.

యాక్సిడెంట్ అయిన బండిని చూడగానే కొన్ని షెడ్లలో ‘ఇన్సూరెన్స్ ఉందా?’ అని అడుగుతారు. జవాబును బట్టి అంచనా మారుతుంది. పోయేది కంపెనీ డబ్బే కదా అని యజమాని కూడా ఊరుకుంటాడు. కానీ క్లెయిమ్ చేస్తే, క్లెయిమ్ లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపిన వారికి అది సొంత బండి నష్టానికి కట్టే (ఓన్ డ్యామేజ్) ప్రీమియంలో 50 శాతం. పైగా ఆ క్లెయిమ్ పత్రం మీద సంతకం యజమానిదే. దొంగ లెక్కకు తలూపితే రేపు జవాబు చెప్పాల్సిందీ ఆయనే.

బయటి షెడ్లే కాదు, కార్ల కంపెనీలూ తక్కువ తినలేదు. స్పేర్ పార్టులు, లోపాలు కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా కట్టడి చేసినందుకు 2014 ఆగస్టులో, వ్యాపారంలో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయరాదనీ చెప్పింది. కంపెనీలు దానిపై న్యాయపోరాటానికి దిగాయి. షోరూంలో బండి తీసుకుని పని రాసుకునే సర్వీస్ అడ్వైజర్లకు అమ్మకాల టార్గెట్లు ఉంటాయన్నది ఆ రంగంలో అందరికీ తెలిసిన సంగతే. టార్గెట్ ఉన్నచోట అక్కర్లేని రిపేరు పుడుతుంది. అమెరికాలో 1992లో బయటపడ్డ సియర్స్ అనే రిటైల్ సంస్థ ఆటో సెంటర్ల వ్యవహారం అందుకు సాక్ష్యం. కాలిఫోర్నియా ఆటోమోటివ్ రిపేర్ బ్యూరో మామూలు కస్టమర్లలా తన సిబ్బందిని పంపి, అనవసర రిపేర్లు అంటగడుతున్నారని కనిపెట్టింది. అడ్వైజర్లకు పెట్టిన కమీషన్ పద్ధతిని సియర్స్ ఎత్తేయాల్సి వచ్చింది.

కాలిఫోర్నియా రాష్ట్రంలో రాతపూర్వక అంచనా, అదనపు పనికి కస్టమర్ అనుమతి, అడిగితే పాత పార్టులు తిరిగివ్వడం చట్టపరమైన విధులు. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఉన్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. బిల్లు ఇవ్వకపోవడం దాని ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేకుండా, మనం ఉండే జిల్లాలోనే, రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. అయితే ‘బిల్లు లేకుండా చేస్తే 18 శాతం జీఎస్టీ మిగులుతుంది సార్’ అన్న మాటకు లొంగిన వారి చేతిలో చూపడానికి ఏమీ మిగలదు. చిన్న షెడ్డుకు జీఎస్టీ నంబరు లేకపోవచ్చు. సంతకం పెట్టిన బిల్లు ఇవ్వడానికి ఆ నంబరు అక్కర్లేదు.

ఒక్కొక్క కస్టమర్ జాగ్రత్త మీద వదిలేయాల్సిన విషయం కాదిది. బ్రేకులు బాగు చేయకుండానే చేశామన్న బిల్లు చేతికొస్తే పోయేది డబ్బు మాత్రమే కాదు, బండిలో కూర్చున్న పిల్లల ప్రాణం కూడా. రాతపూర్వక అంచనా, అదనపు పనికి అనుమతి, పాత పార్టుల అప్పగింత. ఈ మూడింటినీ రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు తప్పనిసరి చేయాలని మేము కోరుతున్నాం. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, వరంగల్ కార్పొరేషన్లు షెడ్లకు, సర్వీస్ సెంటర్లకు ట్రేడ్ లైసెన్సులు ఇచ్చేటప్పుడు వీటిని షరతులుగా పెట్టాలి. వచ్చే రెన్యువల్ నుంచే ఆ పని మొదలుపెట్టాలి.