మా నాయన ఫోల్డర్ పేరు మార్చే ముందు ఒక్క మాట అడగలేకపోయినావా?

పొద్దున ఆరున్నర నుంచి కడుపు మండిపోతా ఉండాది. కాస్త చల్లబడినాక రాద్దాంలే అనుకున్నా. మధ్యాహ్నం బువ్వ తిని కూడా చల్లబడలేదు. అందుకే ఇప్పుడే రాసేస్తా ఉండా.

నిన్న రాత్రి మేమంతా పడుకున్నాక మా మేనల్లుడు ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, సి డ్రైవ్‌లో యూజర్స్ లోపల మా నాయన పేరు మీదున్న ఫోల్డర్‌కి వాడి పేరు పెట్టేసినాడు. నన్ను అడగలేదు. మా అమ్మను అడగలేదు. పొద్దున నేను పాస్‌వర్డ్ కొట్టి లోపలికి పోతే తెర మీద ఏమీ లేదు. నీలం రంగు, మూలన రీసైకిల్ బిన్, అంతే. నాయన పెట్టుకున్న తాతయ్యగుంట గంగమ్మ ఫోటో లేదు. ఆయన ఎడమ పక్క వరసగా పేర్చుకున్న ఫోల్డర్లు లేవు. ఊరికి పోయొచ్చి తలుపు తీస్తే ఇల్లంతా ఖాళీగా కనపడితే ఎట్లుంటుందో అట్లుంది నాకు.

కొత్తగా చూస్తా ఉండేవాళ్ళకు చెప్తా. మా నాయన తిరపతి బైరాగిపట్టెడలో ఇంట్లోనే డీటీపీ చేసేవాడు, అంటే కంప్యూటర్లో టైపు కొట్టి అచ్చుకు పేజీలు తయారుచేసే పని. శుభలేఖలు, కరపత్రాలు, ఎస్వీ యూనివర్సిటీ పిల్లోళ్ళ థీసిస్‌లు, జాతరప్పుడు గంగమ్మ పోస్టర్లు. ఆయన పోయి మూడేళ్ళయింది. ఆ పని ఇప్పుడు నేను చేస్తా ఉండా. అదే కుర్చీ, అదే కంప్యూటర్, ఆయన అకౌంటే. మార్చాలని ఎప్పుడూ అనిపించలేదు.

ఆ ఫోల్డర్ పేరుకు కూడా ఒక కత ఉంది. 2019లో కంప్యూటర్ కొన్నప్పుడు షాపాయన నాయన మెయిల్ ఐడీ ఇచ్చి విండోస్ 10 మొదలుపెట్టించినాడు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెడితే, మెయిల్ ఐడీలో మొదటి ఐదు ఇంగ్లీషు అక్షరాలే ఫోల్డర్ పేరు అవుతాయి. అది దాని పద్ధతి. నాయన పేరు మాదిరే మెయిల్ ఐడీ కూడా వెంకట అని మొదలవుతుంది, కాబట్టి ఫోల్డర్ 'వెంక' (venka) అయింది. మన తిరపతిలో వీధికి పదిమంది వెంకటేశ్వర్లు, వెంకటరమణలు, వెంకటమునులు. ఎన్నిండ్ల కంప్యూటర్లలో ఈ 'వెంక' ఉందో ఆ సామికే తెలియాలి. మార్పిద్దామా నాయనా అని నేనే అడిగినా అప్పుడు. 'వద్దులేమ్మా, మా అమ్మ నన్ను ఇట్లనే పిలిచేది' అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆ పేరు మా ఇంట్లో నిలిచిపోయింది.

మా వోనికి ఆ పేరే నామోషీ అయింది.

తొమ్మిదికి నిద్ర లేపి అడిగితే ఏం చెప్పినాడో తెలుసా? ఫ్రెండ్స్‌తో స్క్రీన్ షేర్ పెట్టి ఏదో ప్రోగ్రాం చేస్తా ఉంటే కమాండ్లు కొట్టే నల్ల కిటికీలో ప్రతి లైన్ ముందూ 'వెంక' అని వస్తా ఉందంట. ఎవడో 'వెంక ఎవుర్రా' అని నవ్వినాడంట. మా తాతరా అని చెప్పడానికి నోరు రాలేదంట! ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదివే పిల్లోడు, పుట్టినప్పుడు మా నాయన ఒళ్ళో పెట్టుకుని పేరు పెట్టిన పిల్లోడు. రుయా ఆస్పత్రి దగ్గర నుంచి వీన్ని ఎత్తుకుని ఇంటిదాకా నడిచొచ్చిన మనిషి ఆయన, ఆటోలో కుదుపులు తగులుతాయని.

సరే, పేరు నచ్చలేదు. దానికి ఏం చేసినాడు? యూట్యూబ్‌లో ఒక వీడియో చూసినాడు. లోపల దాగి ఉండే, అన్నీ మార్చే అధికారం ఉన్న అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌ను కమాండ్ కొట్టి లేపినాడు. అందులోకి పోయి ఫోల్డర్‌కి రీనేమ్ కొట్టినాడు. విండోస్ తన లెక్కలన్నీ రాసిపెట్టుకునే రిజిస్ట్రీలో కూడా మార్చాలని ఆ వీడియోలో చెప్పినారంట. తెరిచినాడు, మార్చినాడు. వాడి పేరులో ఒక అక్షరం వదిలేసి కొట్టినాడు. అర్ధరాత్రి ఒంటిగంట, కంటి మీదికి నిద్ర, మళ్ళీ ఒకసారి సరిచూసుకోలేదు. మూసి పడుకున్నాడు.

ఇది అందరికీ తెలియాలని రాస్తా ఉండా, మీ ఇంట్లో కూడా ఇట్లాంటి పిల్లోళ్ళు ఉంటారు. విండోస్‌కి మన పేరు ముఖ్యం కాదు. ఒక్కో యూజర్‌కి ఒక పొడుగు నంబర్ ఉంటుంది, ఎస్-1-5-21 అని మొదలవుతుంది. రిజిస్ట్రీలో ప్రొఫైల్‌లిస్ట్ అనే చోట ఆ నంబర్ కింద, ఈ మనిషి సామాను ఫలానా ఫోల్డర్‌లో ఉంది అని దారి రాసి ఉంటుంది. మనం పాస్‌వర్డ్ కొట్టినాక అది ఆ దారినే పోతుంది. ఆడ ఆ పేరుతో ఫోల్డర్ కనపడలేదంటే, టెంప్ అని ఒక తాత్కాలిక ఫోల్డర్ తెరిచి మనల్ని అందులో కూర్చోబెడుతుంది. చూసేదానికి అది మామూలు కంప్యూటర్ మాదిరే ఉంటుంది. కానీ మనం సైన్ అవుట్ అయితే అందులో పెట్టిందంతా తుడిచేస్తుంది.

నాకు ఇది పొద్దున తెలియలేదు. మూలలో ఏదో మెసేజ్ కనపడి పోయింది, చదివేలోపల మాయమైంది. కొర్లగుంట వాళ్ళ శుభలేఖ పదింటికల్లా ప్రెస్సుకి పోవాల. పాత ఫైలు వెతుక్కునే టైం లేక, వాళ్ళిచ్చిన కాగితం ముందు పెట్టుకుని వర్డ్‌లో మొత్తం మళ్ళీ కొట్టినా. రెండు పక్కల తాతల పేర్లు, అవ్వల పేర్లు, ముహూర్తం, చంద్రగిరి దగ్గర కల్యాణ మండపం, దారి గుర్తులు. డెస్క్‌టాప్ మీద సేవ్ చేసినా. ఫాంట్లు రావట్లేదే, ఒకసారి రీస్టార్ట్ చేస్తే సరిపోతుందేమో అని రీస్టార్ట్ కొట్టినా. మళ్ళీ తెరిస్తే శుభలేఖ లేదు. గంటా ముప్పావు పని. ఆ పెండ్లి కొడుకు వాళ్ళ నాయన వచ్చి గుమ్మంలో నిలబడి ఉండాడు, నేను ఆయన మొహం చూడలేక లోపలికి పోయినా.

దానికన్నా గట్టిగా తగిలింది ఇంకొకటి ఉంది.

నాయన చివరి రెండేళ్ళు ఒక రాత రాసుకుంటా ఉన్నాడు. ఆయన చిన్నప్పుడు చూసిన గంగ జాతర వేషాల గురించి. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, ఏ వేషానికి ఎవరిండ్ల నుంచి ఏం తెచ్చేవాళ్ళు, వేపాకు యాడ కోసేవాళ్ళు, బొగ్గు పొడి ఎట్ల కలిపేవాళ్ళు. పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లలో, 43 పేజీలు. సగంలో ఆగిపోయింది. ఆ ఫైలు ఏమైందో అని వెతికితే మా వోని పేరు పెట్టిన ఫోల్డర్‌లోనే దొరికింది. తెరిచినా. మొదటి పేజీలో పెద్దక్షరాలతో 'బైరాగి వేషం' అని ఉండాలి. అక్కడ సున్నాలూ కొక్కేలూ ఇంగ్లీషు గుర్తులూ, పిచ్చి రాతలు. కిందికి పోతే అన్ని పేజీలూ అంతే. మా అమ్మ వెనక నిలబడి చూస్తా ఉండాది. 'మీ నాయన రాసింది పోయిందా?' అనింది. నాకు జవాబు రాలేదు.

డీటీపీ వాళ్ళకు తెలిసిందే, అను ఫాంట్లు యూనికోడ్ కాదు, అంటే అన్ని కంప్యూటర్లలోనూ చదవగలిగే పద్ధతి కాదు. ఫాంట్ లేకపోతే ఆ ఫైల్లో తెలుగు అనేదే కనపడదు. మరి ఫాంట్లు యాడికి పోయినాయి? విండోస్ 10లో 1809 అనే నంబరున్న వెర్షన్ నుంచి ఒక పద్ధతి వచ్చింది. ఫాంట్ మీద రైట్ క్లిక్ చేసి ఉత్త ఇన్‌స్టాల్ కొడితే అది ఆ ఒక్క యూజర్‌కే పడుతుంది, ఆ యూజర్ ఫోల్డర్ లోపలే, యాప్‌డేటా అనే దాగుడు ఫోల్డర్‌లో. దాని దారి కూడా పాత పేరుతోనే రాసిపెట్టి ఉంటుంది. ఫోల్డర్ పేరు మారితే ఫాంట్లకు దారి తెగిపోయినట్టే. ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ అని కొట్టి ఉంటే ఆ బాధ లేదు. ఇవాళ నేర్చుకున్నా, మీరు ముందే నేర్చుకోండి.

ఒక షాపుకు ఫోన్ చేసినా. పూర్తిగా వినకుండానే 'తీసుకురండి మేడం, ఫార్మాట్ కొట్టేద్దాం' అన్నాడు, అంటే ఉండేదంతా తుడిచేసి మళ్ళీ మొదట్నుంచి. ఏం అడిగినా ఫార్మాటే! ప్రింటర్ పలకకపోతే ఫార్మాట్, ఫాంట్ రాకపోతే ఫార్మాట్. ఆ డబ్బాలో ఒక మనిషి ఇరవై ఏండ్ల పని ఉంటుంది, పోయినోళ్ళ చేతి రాత ఉంటుంది అని ఒక్కరూ అడగరు. డేటా ఉందా అని కూడా అడగలేదు ఆ మనిషి. ఇట్లనే ఒకసారి మా పక్కింటామె కొడుకు పెండ్లి ఫోటోలన్నీ పోగొట్టుకుని వారం రోజులు ఏడ్చింది.

నేనే కూర్చున్నా. మా వోన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ముందు రిజిస్ట్రీని ఎక్స్‌పోర్ట్ కొట్టి, అంటే నకలు తీసి, పెన్‌డ్రైవ్‌లో పెట్టినా. దారులన్నీ కాగితం మీద రాసుకున్నా. అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌లోకి పోయి చూస్తే ప్రొఫైల్‌లిస్ట్‌లో నాయన నంబర్ రెండుసార్లు ఉంది, ఒకదాని చివర .bak అని మూడు ఇంగ్లీషు అక్షరాల తోక. తోక ఉన్నదే అసలుది. కొత్తగా పుట్టిన దాన్ని తీసేసి, అసలుదానికి తోక కోసి, దారి సరిచేసి, ఫోల్డర్‌కి మళ్ళీ 'వెంక' అనే పేరు పెట్టి రీస్టార్ట్ చేసినాం. గంగమ్మ ఫోటో వచ్చింది. ఆ ఫైలు తెరిస్తే అక్షరాలు వచ్చినాయి. మా అమ్మ కొంగుతో మానిటర్ తుడిచింది.

ఒరే అల్లుడా, నీకు నీ పేరే కావాలంటే దానికి రెండు నిమిషాల పని. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో అదర్ యూజర్స్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా కొత్త యూజర్‌ను చేర్చు. అప్పుడు నువ్వు కొట్టిన పేరే ఫోల్డర్ పేరవుతుంది. ఇంగ్లీషులో, పొట్టిగా, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టుకో, పాత సాఫ్ట్‌వేర్లకు ఖాళీలూ తెలుగక్షరాలూ పడవు. తర్వాత నీ మెయిల్ కలుపుకున్నా ఆ ఫోల్డర్ పేరు మారదు. కంట్రోల్ ప్యానెల్లో పేరు మారిస్తే మొదటి తెర మీద కనపడే పేరే మారుతుంది, లోపల ఫోల్డర్ అట్లే ఉంటుంది. ఇంకొకటి, పాత అకౌంట్ అవసరం లేదని డిలీట్ కొట్టేవాళ్ళు, కీప్ ఫైల్స్ అన్నా కూడా యాప్‌డేటా మిగలదని గుర్తుపెట్టుకోండి. ఈ రెండు నిమిషాల పని చేయకుండా చనిపోయిన మనిషి పేరు మీద నీ పేరు ఎక్కించాలని ఎట్ల అనిపించిందిరా నీకు?

యాడ నేర్చుకుంటాడు పాపం, ఇంట్లో చూసిందే కదా.

వాళ్ళ నాయన, అంటే మా అన్న, చేసింది ఇదే. నాయన పోయిన ఏడాది తిరక్కముందే ఇంటి పన్ను రసీదు మీద నాయన పేరు తీసేయించి తన పేరు ఎక్కించుకున్నాడు. చిత్తూరులో ఉంటాడు, ఈ ఇంట్లో ఉండేది నేనూ అమ్మా. మాకు తెలిసింది రసీదు చేతికి వచ్చినప్పుడు. అడిగితే, 'ఎవరో ఒకరి పేరు ఉండాలి కదమ్మా, దానికెందుకు ఇంత రాద్ధాంతం' అన్నాడు. ఎవరో ఒకరు ఏందన్నా? నాయన వీలునామా రాయలేదు. ఆయన కష్టం మీద కట్టిన ఇల్లు ఇది. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, నీకు, నాకు సమానం. పన్ను రసీదు మీద పేరు మార్చుకున్నంత మాత్రాన ఇల్లు నీదైపోదు, పైన కనపడే పేరు మారినంత మాత్రాన లోపల ఉన్నది మారదు. నాకు ఇల్లు కావాలని కాదు ఈ ఏడుపు. ఒక్క మాట అడగలేదని. అమ్మ ఆ రసీదు పట్టుకుని మీ నాయన పేరు యాడుంది అని వేలు పెట్టి వెతికిందే, అది నువ్వు చూడలేదు, నేను చూసినా.

ఆ కొండ మీద సామి ఏటా జాతరకు చెల్లెలు గంగమ్మకు సారె పంపిస్తాడు. పసుపు, కుంకుమ, చీర. ఊరంతా వీధిలో నిలబడి చూస్తాం. చిన్నప్పుడు నాయన నిన్నూ నన్నూ రెండు భుజాల మీద ఎక్కించుకుని చూపించినాడన్నా, గుర్తుందా?

నేను నిన్ను చీర అడగలేదు. అమ్మ పేరు కూడా రసీదు మీద రాయించు. నీ కొడుక్కి కొత్త అకౌంట్ చేసిచ్చినా, వాడి పేరుతోనే, వాడి పాస్‌వర్డ్ వాడే పెట్టుకున్నాడు. 'వెంక'ను ముట్టుకోనని మా అమ్మ చేతిలో చెయ్యేసి చెప్పినాడు. పిల్లోని మీద కోపం పోయింది. నీ మీద పోలేదు. ఆదివారం అమ్మను తీసుకుని చిత్తూరు వస్తా ఉండా, ఆ రసీదు తీసిపెట్టు.