పెన్న ఇసుకలో ఉండే టైగర్ బీటిల్ అనే పెంకుపురుగు గారికి

అయ్యా,

మొన్న ఆదివారం మిట్టమధ్యాహ్నం పుష్పగిరి దగ్గర పెన్న ఇసుకలో బోర్లా పడి మీ వెనకాలే పాక్కుంటూ వచ్చినవాణ్ణి నేనే. ఫోన్ నిండా ఇసుక ఫొటోలే, ఒకదాంట్లో మాత్రం మీ నీడ పడింది. థాంక్స్.

మీరు పరిగెత్తితే పరిగెత్తారు, నాకేం అభ్యంతరం లేదు. పరిగెత్తి టక్కున ఆగుతారు చూడండి, అక్కడ కాలుతుంది నాకు. ఎందుకా అని వెతికితే, ఆ స్పీడులో మీ కళ్లకు వెలుతురు చాలదట, ఎర ఎటు పోయిందో కనపడక ఆగి చూసుకుని మళ్లీ దౌడు తీస్తారట. అంటే కళ్లు కనపడకుండా పరిగెత్తేవాళ్లను కూడా నేను పట్టుకోలేకపోయాను! పోనీ ఆగారు కదా అని దగ్గరికొస్తే తుర్రున లేచి కొంచెం అవతల వాలి, వెనక్కి తిరిగి నా మొహంకేసే చూస్తారు. పారిపోయేవాళ్లు పారిపోవాలి గానీ ఆ చూపేంది సామీ?

ఆ పచ్చటి మెరుపు కూడా పూసిన రంగు కాదట, పెంకు పొరల్లో వెలుగు చేసే గారడీ. అదీ మోసమే.

అంతరించిపోయిందనుకున్న కలివికోడి పిట్టను చూడండి. 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ దొరికింది, లంకమలలో అభయారణ్యం వచ్చింది, దాని కోసం తెలుగుగంగ కాలువే దారి మార్చుకుంది. చీకట్లో తిరిగే పిట్టకున్న పలుకుబడి పట్టపగలు మెరిసే మీకు లేకపాయె.

సాయంత్రం ఇసుక కోసం ట్రాక్టర్లు దిగాయి. మీరు ఎగిరిపోయారు, సరే. మీ పిల్లలో? ఇసుకలో నిలువుగా బొక్క తవ్వుకుని, తలకాయనే మూతలా పెట్టుకుని, వీపు మీది కొక్కేలతో గోడకు తగులుకుని కూర్చుంటాయి. చీమ దగ్గరికొస్తే ఒళ్లు వెనక్కి విరిచి లటుక్కున లోపలికి లాగేస్తాయి. ప్రమాదమొస్తే ఆ బొక్క అడుగుకు జారుకోవడం తప్ప ఇంకేం తెలీదు వాటికి. జేసీబీ బకెట్‌కు ఆ అడుగు ఏ మూలకి? చిల్లులున్న మేరంతా నా కళ్లముందే ట్రాలీకెక్కింది.

ఫోన్ పట్టుకొచ్చిన నన్ను చూసి అంత దూరం ఉరికావే, గుడ్లు పెట్టడానికి నీకు ఆ ఇసుక ర్యాంపు పక్కనే చోటు దొరికిందా? బుద్ధుండక్కర్లేదా? వాళ్లకు కావాల్సిందీ ఆ ఇసుకే! కాస్త ఎగువకి, గుడి వైపు పో. ఫొటో సంగతి తర్వాత తేల్చుకుందాం.