వెయ్యి రూపాయల పేరు, లక్ష రూపాయల పోరు

ఒడిశాలోని బరంపురం పట్టుకు జీఐ గుర్తింపు, అంటే ఆ సరుకు ఆ ఊరిదేనన్న ప్రభుత్వ ముద్ర ఉంది. బరంపురం అప్పడాలకు, పచ్చళ్లకు ఆంధ్ర సరిహద్దుకు అటూ ఇటూ పేరుంది. ఇలాంటి సరుకు అమ్మే దుకాణదారు ఆన్‌లైన్‌లో అడుగు పెడదామని తన దుకాణం పేరుతో డాట్ కామ్ అడ్రస్ కోసం వెతికితే, అది ఎప్పుడో ఎవరి చేతిలోకో వెళ్లిపోయి ఉండొచ్చు. తెరిచి చూస్తే సరుకూ ఉండదు, దుకాణమూ ఉండదు. ‘ఈ డొమైన్ అమ్మకానికి ఉంది’ అన్న ఒక్క ముక్క, కింద డాలర్లలో ధర.

డొమైన్ పేరు, అంటే వెబ్‌సైట్ అడ్రస్, రిజిస్టర్ చేసుకోవడానికి ఏడాదికి వెయ్యి రూపాయలు, కాస్త అటూ ఇటూ. ముందు వచ్చినవారికే పేరు. ‘ఈ పేరుతో మీకేం సంబంధం?’ అని ఈ పేర్లు అమ్మే రిజిస్ట్రార్ అడగడు, అడగాలన్న నిబంధనా లేదు. 2019లో వాయిస్ డాట్ కామ్ అనే ఒక్క పేరు 3 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ వార్త చదివి ఎంతమంది ఎన్ని పేర్లు కొని పెట్టుకున్నారో! 2024లో రిలయన్స్, హాట్‌స్టార్ విలీనం వేళ జియోహాట్‌స్టార్ డాట్ కామ్‌ను ముందే కొనుక్కున్న ఒక డెవలపర్ తన విదేశీ చదువు ఖర్చు భరించమని కంపెనీని అడిగితే దేశమంతా సరదాగా చెప్పుకుంది. ఆ కంపెనీకి లాయర్లకు కొదవలేదు. పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు చెక్కే కళాకారుడికి అదే పరిస్థితి వస్తే సరదా ఏమీ ఉండదు.

పేర్లు కొని అమ్మేవాళ్లందరినీ దొంగలనడం మా ఉద్దేశం కాదు. చీర, అప్పడం, జీడిపప్పు లాంటి మామూలు మాటను ముందుచూపుతో కొన్నవాడు తన ధర తను అడుగుతాడు, అది వ్యాపారమే. పైగా పెద్ద కంపెనీలే చిన్నవాళ్ల పేర్లు లాక్కోవడానికి ఫిర్యాదుల దారి పట్టి, తీర్పరుల చేత చీవాట్లు తిన్న కేసులూ ఉన్నాయి. ఇంకొకరు ఏళ్ల తరబడి సంపాదించుకున్న పేరును ఎంచుకుని, వాళ్లకే అమ్మడానికి కాచుకుని కూర్చోవడం వేరు. అది కబ్జా.

ఆ కబ్జాను వదిలించడానికి మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. ఇంటర్నెట్ కంపెనీ సిఫీ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పే ఆధారం. దుకాణం పేరుకు ఉన్న రక్షణ డొమైన్ పేరుకూ ఉంటుందని, ఒకరి సరుకును తనదిగా చలామణీ చేయడాన్ని అడ్డుకునే సూత్రాలే ఇక్కడా వర్తిస్తాయని కోర్టు చెప్పింది. కోర్టు బయట ఇంకో దారి ఉంది. డాట్ కామ్ వంటి పేర్లకు 1999 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ విధానం కింద జెనీవాలోని ప్రపంచ మేధోసంపత్తి సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. ఒక్క తీర్పరి ఉండే కేసుకే ఫీజు 1,500 డాలర్లు, అంటే లక్ష రూపాయలకు పైమాటే. లాయరు ఖర్చు వేరు. అవతలివాడు పది వేలకు ఇస్తానంటే వ్యాపారి ఏం చేస్తాడు? నోరు మూసుకుని ఇచ్చేస్తాడు. ఈ లెక్క కబ్జాదారుకు బాగా తెలుసు. ధర కూడా ఆ లెక్కలోనే పెడతాడు.

నేత కార్మికులది ఇంకా ఇరకాటం. జీఐ అనేది ఊరందరి ఆస్తి, ఒక్కరిది కాదు. అంతర్జాతీయ విధానం ట్రేడ్‌మార్క్ ఉన్నవారి ఫిర్యాదునే వింటుంది, జీఐ పేరును లెక్కలోకి తీసుకోదు. బరంపురం పట్టు పేరుతో ఎవరో డొమైన్ పట్టుకుని మరమగ్గం చీరలు అమ్మితే అడిగేదెవరు? దీనికి తోడు మన ఊళ్ల ఇంగ్లిష్ స్పెల్లింగులు ఒకటికి నాలుగు. బరంపురాన్నే బెర్హంపూర్ అని, బ్రహ్మపూర్ అని రాస్తారు. పర్లాకిమిడి సంగతి సరేసరి. ఒక్క స్పెల్లింగు కొన్నవాడికి మిగతావి కొనే స్తోమత ఉండదు.

అయితే చిన్న వ్యాపారి పేరు పోగొట్టుకునేది ప్రతిసారీ ఎక్కడో కూర్చున్న స్పెక్యులేటర్ వల్ల కాదు. దారి తన ఇంటి దగ్గరే తెరుచుకుంటుంది. వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రాడు డొమైన్‌ను తన ఈమెయిల్‌తో, తన పేరు మీదే రిజిస్టర్ చేస్తాడు. చాలాసార్లు అందులో దురుద్దేశమూ ఉండదు, పని తొందరగా అయిపోవాలని అంతే. గడువు తీరే నెల ముందు ఒక హెచ్చరిక, వారం ముందు ఇంకొకటి రిజిస్ట్రార్ పంపుతాడు. అవి వెళ్లేది ఆ కుర్రాడి మెయిల్‌కే. అతను ఈపాటికి ఉద్యోగం దొరికి హైదరాబాద్‌లోనో భువనేశ్వర్‌లోనో ఉంటాడు. డాట్ కామ్ పేరుకు గడువు తీరాక రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల దాకా వెసులుబాటు ఉండొచ్చు, ఆ తర్వాత 30 రోజులు ఎక్కువ డబ్బు కట్టి విడిపించుకోవచ్చు. అదీ దాటితే 5 రోజుల్లో పేరు బజారున పడుతుంది. దాన్ని ఆ క్షణంలోనే అందుకోవడానికి సాఫ్ట్‌వేర్ పెట్టుకుని కూర్చున్న కంపెనీలున్నాయి. బిల్లు పుస్తకం మీద, సంచుల మీద అచ్చు వేయించుకున్న అడ్రస్ టైప్ చేస్తే మర్నాటి నుంచి ఇంకేదో తెరుచుకుంటుంది. ఆ కొత్త పేజీలో డబ్బు కట్టి మోసపోయిన కస్టమర్ తిట్టేది దుకాణదారునే.

వ్యాపారులు చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. డొమైన్ తమ పేరు మీద, తమ ఈమెయిల్‌తో ఉందో లేదో చూసుకోవాలి. ట్రేడ్‌మార్క్ దరఖాస్తుకు చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో ఫీజు 4,500 రూపాయలే. అది రిజిస్టర్ అయితే ట్రేడ్‌మార్క్ చట్టం 134వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘన దావాను తమ వ్యాపారం ఉన్న చోటి జిల్లా కోర్టులోనే వేసుకోవచ్చు. ఢిల్లీ రైలు ఎక్కనక్కరలేదు.

మిగతాది ప్రభుత్వం పని. డాట్ ఇన్ పేర్లు చూసే నిక్సీకి సొంత వివాద పరిష్కార విధానం ఉంది. అంతర్జాతీయ విధానంలో పేరు కొన్నదీ, వాడుతున్నదీ రెండూ దురుద్దేశంతోనే అని రుజువు చేయాలి. నిక్సీ విధానంలో రెండింట్లో ఒకటి చాలు. ఇంత అనువైన దారి రాయగడ, జయపురం వ్యాపారుల్లో ఎంతమందికి తెలుసు? చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్నవారికి నిక్సీ ఫిర్యాదు ఫీజు నామమాత్రం చేయాలి. జీఐ సరుకుల పేర్లను, వాటి ప్రధాన స్పెల్లింగులతో సహా, చేనేత సంఘాలకు కేటాయించి డాట్ ఇన్‌లో ఇతరులకు ఇవ్వకుండా ఆపాలి. జీఐ తెచ్చామని సభలు పెట్టుకున్న ఒడిశా ప్రభుత్వం ఈ మాట కేంద్రాన్ని అడగడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఒక ఉత్తరం చాలు.