బిల్లు మనమే కట్టాలంటే జీతం ఉండాలి

శుక్రవారం ఆఫీసు నుంచి నేరుగా లింగంపల్లి వెళ్లి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి రాజమండ్రి. ఆదివారం రాత్రి మళ్లీ అదే బండి, సోమవారం ఉదయం లాగిన్. ఆరేళ్లుగా తిండి గురించి, ఊళ్ల గురించి నేను రాస్తున్నదంతా ఈ రెండు రాత్రుల మధ్య పోగేసుకున్నదే. "ఇంత ఇష్టమున్నప్పుడు ఉద్యోగం మానేయొచ్చుగా?" అని చాలామంది అడుగుతారు. మానకూడదనే నా అభిప్రాయం. తిన్నదానికి నేనే డబ్బు కట్టగలుగుతున్నది ఆ జీతం వల్లే.

ఉద్యోగం వదిలినవాళ్ల లెక్క చూడండి. యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ రావాలి. ఆ గీత దాటినా నెలనెలా ఇంటి అద్దెకు సరిపడా వస్తుందన్న భరోసా లేదు. అప్పుడు చూపు హోటళ్ల వైపు మళ్లుతుంది. మొదట ఉచిత భోజనం, తర్వాత పోస్టుకి ఇంత అని రేటు. ఇక పులుసులో ఉప్పెక్కువైందని ఆ మనిషి ఎలా రాస్తాడు? తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు మనవాళ్లు. తిండి గురించి రాసేవాడి పనే వాసాలు లెక్కపెట్టడం. అందుకే ఆ ఇంట్లో ఊరికే తినకూడదు.

ప్రభుత్వమూ ఈ సంగతి గుర్తించింది. డబ్బు గానీ బహుమతి గానీ తీసుకుని ప్రచారం చేస్తే ఆ మాట స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడొచ్చు. ఇంత ఉన్నా "కొలాబ్" అన్న చిన్న మాట కూడా పెట్టని వీడియోలు రోజూ కనిపిస్తున్నాయి.

ఆఫీసు వైపు నుంచీ జాగ్రత్త కావాలి. డబ్బు వచ్చే పని ఏదైనా మొదలుపెట్టే ముందు అపాయింట్‌మెంట్ లెటర్ మరోసారి చదివి, హెచ్‌ఆర్‌కి రాతపూర్వకంగా చెప్పడం మంచిది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే ఇలాంటి బయటి పనుల విషయంలో 1964 నాటి ప్రవర్తన నియమావళే ఉంది.

జీతం స్వేచ్ఛ ఇస్తుంది గానీ సమయం తీసుకుంటుంది. మొదటిసారి పూతరేకుల కోసం ఆత్రేయపురం వెళ్లినప్పుడు మంట మీద బోర్లించిన కుండ, పలుచటి బియ్యప్పిండిలో ముంచి దాని మీద లాగిన గుడ్డ, రెప్పపాటులో లేచివచ్చిన రేకు చూసి, నెయ్యి, బెల్లం గురించి రాసి వచ్చేశాను. చదివినవాళ్లకు నచ్చింది. నాకే ఏదో వెలితి. రెండోసారి వెళ్తే తెలిసింది, రేకు తీసే ఇల్లు వేరు, చుట్టి అమ్మే దుకాణం వేరు అని. మూడోసారి, ఎండాకాలంలో, ఒకావిడ పక్కన గంటసేపు కూర్చున్నాను. ఆ పొగకు నాకు కళ్లు మండాయి. ఆమె రోజూ అక్కడే కూర్చుంటుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుతో పెరిగే గిరాకీలో ఆ చేతికి ఎంత చేరుతుందన్న ప్రశ్న నాకు మూడో ప్రయాణంలో గానీ తట్టలేదు.

అందుకే వారానికి రెండు రోజులే ఉన్నవాళ్లు ఊళ్ల సంఖ్య పెంచుకోవడం కంటే చూసిన ఊరికే మళ్లీ వెళ్లడం మేలంటాను. రోజుకో పోస్టు పడకపోతే మనల్ని మర్చిపోతారని యాప్‌లు టెన్షన్ పెడతాయి. పోస్టుల డబ్బుతో పొయ్యి వెలిగించుకోనవసరం లేనివాడు నెలరోజులు ఏమీ రాయకుండా ఉండగలడు. అయితే ఈ లెక్కలో ఇంట్లోవాళ్ల ఆదివారాలూ ఉన్నాయి. అందుకే నేను నెలకు ఒక్క ప్రయాణమే పెట్టుకున్నాను.

అన్నీ ఆదివారం కోసం ఆగవు. గోదావరికి వరద నీరు వచ్చే వానాకాలంలోనే పులస దొరుకుతుంది. ప్రాజెక్ట్ రిలీజ్ పనుల్లో పడి రెండేళ్లు వరసగా ఆ సీజన్ పోగొట్టుకున్నాను. ఈసారి లీవ్ ముందే పెట్టాను. చేప ధర వేలల్లో ఉంటుంది, అందుకని జీతంలోంచి నెలనెలా కొంత పక్కన పెడుతున్నాను.