‘ఫీజు వాపస్ లేదు’ అన్న ఒక్క లైను సరిపోతుందా?

వాదానికి ఒక లెక్క పెట్టుకుందాం. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక కోచింగ్ సెంటర్, గ్రూప్-2 బ్యాచ్. 120 సీట్లు, ఐదు నెలలు. నెలకు 24 చొప్పున 120 క్లాసు రోజులు, రోజుకు నాలుగు గంటలు. ఫీజు 24,000 రూపాయలు. అభ్యర్థితో రాసుకునే ఒప్పందంలో ఏముండాలన్నది తగువు. ఒకవైపు సెంటర్ నిర్వాహకుడు, ఇంకోవైపు వినియోగదారుల కేసులు చూసే వకీలు.

నిర్వాహకుడు: అన్నా, అడ్మిషన్ ఫారం వెనుక నాలుగు లైన్లు చాలు. కట్టిన ఫీజు వాపస్ ఇయ్యం, టైమింగులు మార్చే హక్కు మాదే, మెటీరియల్ బయటికి ఇయ్యొద్దు, తగాదా వస్తే హైదరాబాద్ కోర్టు. కింద సంతకం. పది పేజీల అగ్రిమెంటు చేతుల పెడితే పోరగాడు బెదిరి పక్క సెంటర్ల చేరుతడు.

వకీలు: పది పేజీలు నేను అడుగుతలేను. రెండు పేజీలు చాలు, తెలుగుల, కండ్లకు కనిపించే అక్షరాలల్ల. కానీ నువ్వు చెప్పిన నాలుగింట్ల నిలబడేది మెటీరియల్ లైన్ ఒక్కటే. ‘వాపస్ ఇయ్యం’ అన్నది ఎన్నడో తేలిపోయింది. విద్యాసంస్థల సంగతి వేరే గానీ కోచింగ్ సెంటర్లు వినియోగదారుల ఫోరాల కిందికి వస్తయని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 జనవరిలనే చెప్పింది. ఇగ 2024 జనవరిల కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాలు చూడు. మొత్తం ఫీజు కట్టినోడు నడిమిట్ల మానేస్తే మిగిలిన కాలానికి లెక్కగట్టి పది రోజులల్ల ఇయ్యాలె. హాస్టల్, మెస్ మీరే నడిపితే అవి కూడా.

నిర్వాహకుడు: అవి మార్గదర్శకాలే కదా, చట్టమైతే కాదు. రాష్ట్రాలకు పంపిన కాయితం.

వకీలు: ఒప్పుకుంటా. దాన్ని పట్టుకొని రేపే వచ్చి నీ సెంటర్‌కు తాళమెయ్యరు. కానీ జిల్లా వినియోగదారుల కమిషన్ల కేసు పడ్డనాడు ‘న్యాయమైన వాపస్ ఎంత’ అన్న ప్రశ్నకు అభ్యర్థి వకీలు ముందల పెట్టేది ఆ కాయితమే. నీ దగ్గరేమున్నది? ‘ఇయ్యం’ అన్న ముక్క. ఇగ కేసు ఎయ్యనీకి అడ్డమేంది? ఐదు లక్షల దాకా ఫీజు లేదు. రెండేండ్ల గడువు ఉన్నది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు ఎక్కడ ఉంటే అక్కడే ఎయ్యొచ్చు. దేవరకొండ పిల్ల నల్లగొండల ఏస్తది. నీ ‘హైదరాబాద్ కోర్టు’ లైను ఆమెను ఆపదు.

నిర్వాహకుడు: సరే, నా బాధ కూడా ఇనుండ్రి. పాలిటీ (రాజ్యాంగం, పాలన) చెప్పే సారు హైదరాబాద్ నుంచి వస్తడు, సబ్జెక్టు మొత్తానికి ముందే మాట్లాడుకుంటడు. అద్దె, ప్రింటింగు అన్నీ మొదటి నెలల్నే పోతయి. పోరగాడు 32వ రోజున మానేస్తే ఆ సీటు మిగిలిన రోజులన్నీ ఖాళీనే. నడుస్తున్న బ్యాచ్‌ల కొత్తోడు ఎవడు చేరుతడు? పైగా పుస్తకాలన్నీ మొదటి రోజే పట్టుకపోయిండు. టెస్టుల లాగిన్ కూడా తీసుకున్నడు. ఇగ వాపస్ దేనికి?

వకీలు: ఇది అసలైన మాట. దీనికి మందు ‘ఇయ్యం’ అనుడు కాదు, అన్నీ ఒకేసారి ఇయ్యకుండుడు. 24,000ను 120తో భాగిస్తే రోజుకు 200. అది ఫారం మీద అచ్చేయ్. 32 రోజులు కూసున్నడు, 6,400 అయిపోయినయి, 17,600 వాపస్. పుస్తకాలు ఐదు భాగాలు చెయ్యి, నెలకొకటి ఇయ్యి. టెస్టుల లాగిన్ నెలనెలా తెరువు. అప్పుడు వాడు పట్టుకపోయేది వాడుకున్నంతనే.

నిర్వాహకుడు: ఇంకో దారి ఉన్నది. మెటీరియల్ 9,000, క్లాసులు 15,000 అని ఇడగొట్టి రాస్త. మెటీరియల్ సొమ్ము వాపస్ లేదని చెప్త. అప్పుడు తిరిగిచ్చేది తగ్గుతది.

వకీలు: అందరికీ మొదట తట్టేది అదే. ఆ మార్గదర్శకాలల్లనే, చేరినోళ్లకు నోట్సుకు వేరే ఫీజు తీసుకోవద్దని ఉన్నది. పైగా 9,000 విలువ చేసే పుస్తకాలేందో చూపియ్యమని కమిషన్ల అడుగుతరు. స్పైరల్ బైండింగ్ నోట్సు నాలుగు తీసి పెడతవా?

నిర్వాహకుడు: మరి నా నష్టం?

వకీలు: నష్టానికి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74 ఉన్నది. ముందే ఒక మొత్తం రాసుకున్నా, చేతికి వచ్చేది న్యాయమైన పరిహారమే, రాసుకున్న మొత్తం దాటదు. అందుకే ‘మానేస్తే అడ్మిషన్ ఖర్చు కింద 1,000 పట్టుకుంటం’ అని రాసి, ఐడీ కార్డు, రిజిస్ట్రేషన్, బయోమెట్రిక్ ఖర్చుల బిల్లులు దాచిపెట్టు. వెయ్యికి జవాబు చెప్పొచ్చు. పన్నెండు వేలకు చెప్పలేవు.

(ఇక్కడ నిర్వాహకుడి వాదన పూర్తిగా తీసిపారేయదగ్గది కాదు. కేంద్రం లెక్క కాలాన్ని మాత్రమే చూస్తుంది. ఖర్చు మొదటి నెలలోనే మీద పడుతుందన్న సంగతిని పట్టించుకోదు. చిన్న పట్టణంలో 120 సీట్ల సెంటర్‌కు అది చిన్న భారం కాదు.)

నిర్వాహకుడు: వాయిదాలల్ల తీసుకుంటే వాపస్ లొల్లే ఉండదు కదా?

వకీలు: అదే నా సలహా. చేరేటప్పుడు 8,000, తర్వాత నాలుగు నెలలు 4,000 చొప్పున. 32వ రోజున మానేసినోడు అప్పటికి కట్టింది 12,000. అందుల 6,400 అయిపోయినయి, వెయ్యి పట్టుకుంటవు, 4,600 ఇస్తవు. 17,600 ఒక్కసారి తీసియ్యవలసిన బాధ ఉండదు.

నిర్వాహకుడు: వాయిదాలంటే ఇంకో రోగం. మూడో నెల నుంచి ఫోన్ ఎత్తరు. అందుకే టెన్త్ మెమో ఒరిజినల్, ఒక ఖాళీ చెక్కు పెట్టుకుంటే దారికొస్తరు.

వకీలు: తమ్మీ, ఈ రెండూ మాత్రం రాయకు, చెయ్యకు. సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కు పిలుపొచ్చిన్నాడు ఒరిజినల్ మెమో నీ బీరువాల ఉండి వాడు పోలేకపోతే, వాడు అడిగేది 4,000 బాకీ లెక్క కాదు, పోయిన కొలువు లెక్క. ఖాళీ చెక్కు ఎందుకు తీసుకున్నవో కోర్టుల చెప్పలేవు. అన్నింటికీ జిరాక్స్ చాలు. బాకీకి ఇట్ల రాయి: ప్రతి నెల 5వ తారీఖు గడువు, ఏడు రోజులు ఆగుతం, 12 దాటితే లాగిన్, క్లాసు ఆపుతం, కట్టిన్నాడు తెరుస్తం. 30 రోజులు కట్టకపోతే సీటు రద్దయినట్లే, అప్పటి దాకా కూసున్న రోజులకే లెక్క. ఆలస్యానికి రోజుకు వంద జుర్మానా అని పెట్టకు. 4,000 మీద నెలకు మూడు వేలు అయితది, చూసినోడెవడైనా నవ్వుతడు.

నిర్వాహకుడు: జీఎస్టీ సంగతి? చాలామంది ఊసెత్తరు.

వకీలు: ఊసెత్తకపోతే నీ జేబుకే చిల్లు. సేవలకు హద్దు ఏడాదికి 20 లక్షలు. 24,000 లెక్కన 84వ అడ్మిషన్‌తోనే 20,16,000 అయితది. నీయి 120 సీట్లు. కోచింగ్ మీద 18 శాతం. ఫారం మీద ‘24,000’ అని ఒంటిగ రాసి, తర్వాత ‘ట్యాక్స్ వేరే’ అంటే అభ్యర్థి కట్టడు, కట్టనక్కర లేదని వాదిస్తడు. అప్పుడు ఆ 24,000లనే 3,661 ట్యాక్స్ పోయి నీకు మిగిలేది 20,339. అందుకే ‘జీఎస్టీతో కలిపి’ అనో ‘జీఎస్టీ అదనం, మొత్తం 28,320’ అనో ఒక్క మాట మీద ఉండు. వాపస్ ఇచ్చినప్పుడు క్రెడిట్ నోట్, అంటే బిల్లు అంతమేర తగ్గినట్టు చూపే కాయితం, ఇయ్యమని మీ అకౌంటెంట్‌కు చెప్పు.

నిర్వాహకుడు: సంతకం ఎవరిది? మా దగ్గర ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) బ్యాచ్ కూడా ఉన్నది, ఇంటర్ పిల్లలు.

వకీలు: 18 నిండని పిల్లతోని చేసుకున్న ఒప్పందం చెల్లదు. 1903ల ప్రీవీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ కాలపు పై కోర్టు, తేల్చిన ముచ్చట అది. కాబట్టి అమ్మనో నాయిననో సాక్షి గడిల కాదు, ఒప్పందం చేసుకునే మనిషి గడిల సంతకం పెట్టాలె. ఇగ 16 లోపు పిల్లలను, టెన్త్ పరీక్ష రాయనోళ్లను చేర్చుకోవద్దని కేంద్రం కాయితంల ఉన్నది, టెన్త్ పిల్లలు రాసే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలీసెట్‌కు బ్యాచ్ పెట్టేముందు అది చదువుకో. సంతకం నిబంధనల కిందనే ఉండాలె, ముందు పేజీల ఫోటో పక్కన కాదు. ఒక కాపీ వాళ్ల చేతికియ్యి, కనీసం వాట్సాప్‌ల పంపు.

నిర్వాహకుడు: సెలెక్టయితే ఫోటో వాడుకుంటమని కూడా ఇప్పుడే సంతకం తీసుకుంట. తర్వాత దొరకరు.

వకీలు: చెల్లదు. 2024 నవంబర్ల కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనల మీద మార్గదర్శకాలిచ్చింది. 50 మందికి మించి ఉన్న సెంటర్లన్నింటికీ వర్తిస్తది. అభ్యర్థి రాతపూర్వక సమ్మతి సెలెక్షన్ అయినంక తీసుకోవాలె. ఫోటో పక్కన ర్యాంకు, ఏ కోర్సు, ఎన్ని రోజులు, డబ్బు కట్టి చదివిండా అన్నవి రాయాలె. పది రోజుల మాక్ ఇంటర్వ్యూకు వచ్చినోన్ని మొత్తం కోచింగ్ తీసుకున్నట్లు ఫ్లెక్సీ కట్టే ఆట బందు. ‘జాబ్ గ్యారంటీ’ అన్న మాట ఫారంల, ఫ్లెక్సీల ఏడ కూడా ఉండొద్దు.

నిర్వాహకుడు: మెటీరియల్ పీడీఎఫ్ టెలిగ్రామ్ల పెడితే లక్ష జుర్మానా అని రాయొచ్చా?

వకీలు: రాసుకో, వసూలు కాదు. మల్ల సెక్షన్ 74 దగ్గరికే వస్తవు. ప్రతి పేజీ మీద వాడి ఫోన్ నంబర్ అడ్డంగ పడేటట్టు పీడీఎఫ్ తయారు చెయ్యి, పంచినట్టు తేలితే లాగిన్ మూస్తమని రాయి. లక్ష కన్న ఆ నంబరుకే ఎక్కువ భయపడుతరు.

నిర్వాహకుడు: సారు మారితే? పాలిటీ సారు పేరు చూసే సగం మంది చేరుతరు.

వకీలు: పేరు ప్రకటనల వాడుకున్నవంటే, ఆ సారు పోతే ఏడు రోజులల్ల అదే సబ్జెక్టుకు ఇంకొకరిని తెస్తమని, నచ్చకపోతే మిగిలిన రోజుల లెక్క ఇస్తమని రాయాలె. ‘ఫ్యాకల్టీని మార్చే హక్కు మాదే’ అన్నది ఒంటిచేతి షరతు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(46) కింద అన్యాయమైన ఒప్పందం అనిపించుకునే బాపతు. ఇగ అసలుది చెప్పు. పరీక్ష వాయిదా పడితే ఏం రాస్తవు?

నిర్వాహకుడు: ఏం రాయ. నా చేతుల ఉన్నదా అది?

వకీలు: నీ చేతుల లేదు కాబట్టే రాయాలె. గ్రూప్-2 చూడు. 2022 డిసెంబర్ల 783 పోస్టులకు నోటిఫికేషన్. 2023 ఆగస్టుల పరీక్ష అన్నరు. నవంబర్‌కు పోయింది, 2024 జనవరికి పోయింది, ఆగస్టుకు పోయింది, చివరికి జరిగింది 2024 డిసెంబర్ 15, 16ల. డీఎస్సీ 5,089 పోస్టుల నోటిఫికేషన్ రద్దయి 2024 ఫిబ్రవరిల 11,062తో కొత్తది వచ్చింది. గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దు. ‘పరీక్ష దాకా కోచింగ్’ అని రాసినోడు అట్లాంటి బ్యాచ్‌ను ఏం చేస్తడు? పిల్లలు ఆ లైను చూపి ఇంకో ఏడాది క్లాసులు చెప్పమంటే ‘లేదు’ అననీకి నోరుండదు.

నిర్వాహకుడు: మరి ఏడాది పొడుగునా ఊకె కూసోబెట్టి చెప్పాల్నా?

వకీలు: వద్దు. నువ్వు అమ్మేది పరీక్ష కాదు, 480 గంటలు. అదే రాయి: ‘120 రోజులు, 480 గంటలు, 20 టెస్టులు, పరీక్ష తేదీతో సంబంధం లేదు.’ దాని కింద వాయిదా షరతు. బ్యాచ్ మొదలుకాకముందే పరీక్ష రద్దయితే మొత్తం వాపస్, పది రోజులల్ల. నడుమ వాయిదా పడితే బ్యాచ్ ఆగదు. అయిపోయినంక 90 రోజులు రీడింగ్ రూమ్, టెస్టులు ఊకెనే. ఆ తర్వాత కావాలంటే నెలకు ఎంత ఇయ్యాల్నో రాయి, 500 అయితే 500. సిలబస్ మారితే మారిన భాగానికి 30 గంటలు అదనం, పైసలు లేకుండ.

నిర్వాహకుడు: 90 రోజుల రీడింగ్ రూమ్ అంటే కొత్త బ్యాచ్‌కు జాగ ఉండదు. మనిషికి చదరపు మీటరన్న ఉండాలని మీరు చెప్పే కాయితంలనే ఉన్నది కదా.

వకీలు: మంచి మాట. 45 చెయ్యి. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకనే అని టైం కూడా రాయి. తక్కువిచ్చినా పర్వాలేదు, ఎంతిస్తవో తెలిసేటట్టు ఉండాలె. ఇంకొక్కటి. ఫారం మొదటి పేజీల ఒక గడి పెట్టు: ‘ఈరోజుకు నోటిఫికేషన్ వచ్చింది / రాలేదు.’ చేరేటోడు తన చేతితో టిక్ కొట్టాలె.

నిర్వాహకుడు: ఆ గడి మాత్రం పెట్ట అన్నా. బ్యాచ్‌లన్నీ మొదలయ్యేదే ‘వస్తదంట’ అన్న మాట మీద. ఆ గడి చూసినంక నకిరేకల్ నుంచి వచ్చినోడు మల్ల బస్సెక్కుతడు. పక్క సెంటర్ల ఆ గడి ఉండదు కదా.

వకీలు: రేపు ఆరు నెలలు నోటిఫికేషన్ రాకుంటే వాడే వచ్చి ‘వస్తదని చెప్పి చేర్చుకున్నరు’ అంటడు. అప్పుడు నీ తరఫున మాట్లాడేది ఆ టిక్ ఒక్కటే.

నిర్వాహకుడు: వాపస్ లెక్క పెడుత, పరీక్ష వాయిదా షరతు పెడుత, మెమోలు తిరిగిస్త. గడి కాదు, రెండో పేజీల ఒక లైను రాస్త: నోటిఫికేషన్ ఇచ్చేది పబ్లిక్ సర్వీస్ కమిషన్, మా చేతుల లేదని.

వకీలు: లైను అచ్చు అయితది, చదివిండని రుజువు ఉండదు. ఆ లైను పక్కన వాడి పొట్టి సంతకమన్న తీసుకో.

నిర్వాహకుడు: పొట్టి సంతకమంటే... చూస్త. ముందు ఈ 45 రోజుల లెక్క తేలనియ్యి.