67 నిమిషాల్లో సాధికారత

జొహానెస్‌బర్గ్‌లో ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, ఆఫీసు తరఫున టౌన్‌షిప్ హైస్కూలు పిల్లలకు సేవ చేయడానికి వెళుతున్నానని ఫోన్లో చెబితే మా పెద్దమామయ్య ఆశ్చర్యపోయాడు. "టౌన్‌షిప్ వాళ్లకు నీ సేవ ఏంట్రా? వాళ్లకు క్లబ్‌హౌసూ, స్విమ్మింగ్ పూలూ ఉంటే!" అన్నాడు. ఆయన తప్పేం లేదు. హైదరాబాద్‌లో టౌన్‌షిప్ అంటే కోట్లు పోసి లోపలికి వెళ్లే చోటు. ఇక్కడ మాత్రం వర్ణవివక్ష రోజుల్లో తెల్ల ప్రభుత్వం చట్టం చేసి మరీ మిగతా జనాన్ని ఊరి బయటికి తోసేసిన చోటు. నల్లవాళ్లకు జొహానెస్‌బర్గ్ పక్కన సొవెటో, కేప్‌టౌన్ పక్కన ఖయెలిత్షా. 1860 నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడల్లో వచ్చిన మన తెలుగు, తమిళ జనాల మనవలకు డర్బన్ దగ్గర చాట్స్‌వర్త్. ఈ సంగతి చెబితే, "అయితే మనవాళ్లూ టౌన్‌షిప్‌లోనే ఉన్నారన్నమాట" అని మామయ్య కాస్త గర్వపడ్డాడు. ఐఎస్‌డీ ఖర్చు గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఇంతకీ మా సేవ ఏమిటంటే, జూలై 18 మండేలా పుట్టినరోజు. ఆయన 67 ఏళ్లు ప్రజల కోసం పనిచేశాడు కనుక ఆ రోజు ప్రతి ఒక్కరూ 67 నిమిషాలు పరోపకారం చేయాలి. ఏడాదికి ఒక నిమిషం. ఆ 67 ఏళ్లలో 27 ఏళ్లు ఆయన జైల్లోనే ఉన్నాడు కాబట్టి, లెక్క నిక్కచ్చిగా పాటిస్తే మనల్ని 27 నిమిషాలు గదిలో పెట్టి తాళం వెయ్యాలి. ఈ సలహా మా హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు.

చిన్న ఇబ్బంది ఒకటుంది. జూలై ఇక్కడ చలికాలం. కొన్నేళ్లు 18వ తేదీ సరిగ్గా బడి సెలవుల్లో పడుతుంది. అప్పుడు సాధికారత ఇవ్వడానికి మేముంటాం, పుచ్చుకోవడానికి పిల్లలుండరు. అందుకని హెడ్మాస్టరుగారు నలభై మందిని ఇళ్ల నుంచి పిలిపించి, యూనిఫాం వేయించి, పొద్దున ఏడింటికే చలిలో వరసగా నిలబెడతారు. మా బస్సు పదిన్నరకు వస్తుంది.

కంపెనీలకు పాపం ఎంత టెన్షనో మీకు తెలియదు. ఇక్కడ పెద్ద కంపెనీలకు ప్రభుత్వం ఒక స్కోర్‌కార్డు పెట్టింది. లాభంలో 1 శాతం ఇలాంటి సామాజిక పనులకు ఖర్చు పెడితే 5 మార్కులు. పన్నెండో తరగతి, అంటే ఇక్కడి మాట్రిక్, గట్టెక్కడానికి పిల్లలకు మూడు సబ్జెక్టుల్లో 40 శాతం, ఇంకో మూడింటిలో 30 శాతం వస్తే చాలు. అన్నేసి మార్కులు తెచ్చుకునే పిల్లలు 5 మార్కులకు తంటాలు పడే కంపెనీకి ఆ మాత్రం సాయం చేయకూడదా? పొద్దున్నే లేచి వస్తే చాలు, నవ్వితే ఇంకా మంచిది.

మేం చేసే పని గోడకు రంగు వేయడం. ఎందుకని అడక్కండి. పిల్లలకు లెక్కల టీచరు లేడు, గోడ ఉంది. ఉన్నదాన్ని బాగు చేయాలిగా. నేను వెళ్లిన బడిలో గేటు పక్క గోడ మీద ఒకచోట పెచ్చు ఊడింది. అక్కడ చూస్తే లోపల వరసలు కనిపిస్తున్నాయి. పైన మా కంపెనీ నీలం, కింద ఏదో బ్యాంకు ఎరుపు, దాని కింద ఇన్సూరెన్స్ వాళ్ల ఆకుపచ్చ, అన్నిటికంటే అడుగున మొబైల్ కంపెనీ పసుపు. ప్రజాస్వామ్య దక్షిణాఫ్రికా చరిత్రంతా ఆ అరంగుళం మందంలో ఉంది. బడి వెనకాల గోడకు మాత్రం సున్నం కూడా లేదు. అటువైపు ఫొటోకి వెలుతురు చాలదట.

రంగు అయ్యాక బ్యాగుల పంపిణీ. బ్యాగు మీద బడి పేరు కంటే కంపెనీ లోగో పెద్దది. ఆసుపత్రిలో ఒక్క రోగికి ఒక్క అరటిపండు ఇస్తూ పదకొండు మంది ఫొటో దిగే ఊళ్ల నుంచి వచ్చినవాణ్ణి కనుక నాకు ఇల్లు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఆ తర్వాత నిలువెత్తు అట్టముక్క చెక్కు. అది ప్రిన్సిపాల్ గది గుమ్మంలో పట్టక తిరిగి మా బస్సులోనే వెళ్లిపోయింది. గోడలూ బ్యాగులే నయం లెండి. 2015లో మా జొహానెస్‌బర్గ్ ఉన్న గౌటెంగ్ రాష్ట్ర ప్రభుత్వం టౌన్‌షిప్ బడులకు టాబ్లెట్లు ఇస్తే, పిల్లల కంటే ముందు దొంగలు డిజిటల్ యుగంలోకి అడుగుపెట్టారు. కొన్నాళ్లు వాటిని వెనక్కి తీసుకుని భద్రపరచాల్సి వచ్చింది.

మాట్రిక్ ఫలితాలు జనవరిలో వస్తాయి. 2024 బ్యాచ్‌లో 87.3 శాతం పాసయ్యారు. మంత్రులూ కంపెనీలూ అందరూ పుణ్యం పంచుకున్నారు. పదో తరగతికీ పన్నెండుకీ మధ్య బడి మానేసినవాళ్లు ఆ లెక్కలోకి రారు. వాళ్ల గోడలకూ మేమే రంగు వేశాం, ఆ మాట ఎవరూ అనరు.

ఇంత చక్కని పద్ధతి ఉండగా కొందరు దాన్ని చెడగొడుతున్నారు. ఖయెలిత్షాలో 2003లో మొదలైన ఇకామ్వాయూత్ అనే సంస్థనే చూడండి. సాయంత్రం బడి అయ్యాక పిల్లల్ని లైబ్రరీలోనో హాల్లోనో కూర్చోబెట్టి లెక్కలు చేయిస్తారు. శనివారం కూడా వదలరు. అక్కడ చదువుకుని పాసైనవాళ్లే మళ్లీ వచ్చి తర్వాతివాళ్లకు చెబుతారు. రిబ్బన్ లేదు, అట్టముక్క చెక్కు లేదు. మంగళవారం సాయంత్రం ఒక పిల్లాడు ఫ్యాక్టర్లు విడదీస్తుంటే దాన్ని ఏమని ఫొటో తీస్తాం? ఏం రాసి పోస్టు పెడతాం?

ఇంకొకరు మరీ అన్యాయం. ఈక్వల్ ఎడ్యుకేషన్ అని, వీళ్లదీ ఖయెలిత్షానే. 2008లో లుహ్లాజా హైస్కూల్లో 500 దాకా కిటికీ అద్దాలు పగిలి ఉన్నాయి. కేప్‌టౌన్ చలిగాలి, వాన నేరుగా క్లాసులోకే. మర్యాద తెలిసిన పిల్లలైతే ఎవరైనా దాత వచ్చి ఐదారు అద్దాలు వేయించి, ఒక్కోదాని మీద పేరు రాయించుకునేదాకా ఆగేవాళ్లు. వీళ్లు సంతకాలు సేకరించి, ఊరేగింపులు తీసి, బాగుచేయించాల్సింది మీరేనని ప్రభుత్వాన్ని అడిగారు. ప్రభుత్వం బాగుచేయించాల్సి వచ్చింది. అక్కడితో ఆగారా? ప్రతి బడికీ నీళ్లు, కరెంటు, మరుగుదొడ్లు ఉండాలని నిబంధనలు రాయమని వెంటపడ్డారు. 2013లో అవీ వచ్చాయి. ఇలా పిల్లలు హక్కులని అడగడం మొదలుపెడితే రేపు దానం చేసుకోవడానికి మనకేం మిగులుతుంది?

అసలు ఈ అలవాటు ఈనాటిది కాదు. 1976 జూన్ 16న సొవెటో పిల్లలు, సగం పాఠాలు తెల్ల పాలకుల భాష ఆఫ్రికాన్స్‌లో చదవమంటే చదవమని వేలమంది రోడ్డెక్కారు. వాళ్లకు సాధికారత శిక్షణ ఎవరిచ్చారో ఎక్కడా రికార్డు లేదు. పోలీసులు కాల్చారు. చనిపోయినవాళ్లలో హెక్టర్ పీటర్సన్‌కు 12 ఏళ్లు. ఇప్పుడది సెలవు రోజు. ఆ వారం ఆఫీసులకు పెద్దవాళ్లు స్కూల్ యూనిఫాంలో వచ్చి సెల్ఫీలు దిగుతారు. మా ఫ్లోర్‌లో ఉత్తమ యూనిఫాంకి గిఫ్ట్ వోచర్ కూడా ఉంది.

గోడ దగ్గరికి వస్తాను. నా వాటాకి వచ్చిన రెండు గజాలు రుద్దుతుంటే పన్నెండో తరగతి అమ్మాయి ఒకతె పక్కకొచ్చి నిలబడింది. చేతిలో పాత ప్రశ్నపత్రం. "సర్, మీరు ఇంజినీరటగా. ఇది ఎలా చేయాలి?" అంది. త్రిభుజం. రెండు భుజాలు, మధ్య కోణం ఇచ్చారు, మూడో భుజం కావాలి. ఎంసెట్‌లో ర్యాంకు కొట్టిన బుర్ర నాది. సూత్రం మాత్రం గుర్తు రాలేదు. నేను బ్రష్‌తో ఆలోచిస్తున్నట్టు నటిస్తుంటే, బకెట్లు మోస్తున్న కుర్రాడొకడు వచ్చాడు. కిందటేడు ఇక్కడే మాట్రిక్ పాసయ్యాడట. ఉద్యోగం దొరకలేదు. వారంలో మూడు సాయంత్రాలు పక్కనే చర్చి హాల్లో వీళ్లకు లెక్కలు చెబుతాడట. జేబులోంచి పెన్సిల్ తీసి, నేనింకా రంగు వేయని గోడ మీద త్రిభుజం గీశాడు. కొసైన్ సూత్రం రాశాడు, అంకెలు పెట్టాడు. మూడు నిమిషాలు పట్టిందేమో. అమ్మాయి తలూపుతూ కాగితం మీదకి ఎక్కించుకుంటోంది. ఆఖరి మెట్టు మిగిలి ఉంది.

విజిల్ మోగింది. 67 నిమిషాలు. మా టీమ్ లీడ్ గోడ చూసి కంగారుపడ్డాడు. "అదేంటి, ఆ ముక్క ఖాళీగా వదిలేశావ్? ఫొటోగ్రాఫర్ వస్తున్నాడు" అని నా చేతిలో బ్రష్ లాక్కుని త్రిభుజం మీదుగా రెండు సార్లు లాగేశాడు. నీలం బాగా పట్టింది.

తిరుగు ప్రయాణంలో టైమ్‌షీట్ నింపాను. సేవ, గంటా ఏడు నిమిషాలు. మేనేజర్ రానూపోనూ ప్రయాణం కూడా కలపమన్నాడు. మూడు గంటలయింది.