మిగులు ఎవరికి?

గంజాయి మందుగా పనికొస్తుందా లేదా అన్న పాత తగాదా చాలా దేశాల్లో దాదాపు సద్దుమణిగింది. పెద్దవారిలో దీర్ఘకాలిక నొప్పికి, కీమోథెరపీ తెచ్చే వాంతులకు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నాడీవ్యాధి ఉన్నవారి కండరాల బిగువుకు అది ఉపయోగపడుతుందనడానికి గట్టి ఆధారాలున్నాయని అమెరికా జాతీయ అకాడమీలు 2017 జనవరిలో తేల్చాయి. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ 27-25 ఓట్లతో దాన్ని 1961 ఒప్పందంలోని అతి కఠినమైన నాలుగో షెడ్యూలు నుంచి తప్పించింది. ఇక మిగిలిన తగాదా డబ్బుది. మందు కోసం ఆ మొక్కను పెంచే హక్కు ఎవరికివ్వాలి? ఖర్చులు పోగా మిగిలింది ఎవరికి చెందాలి? ఆ పనిని లాభాపేక్ష లేని సంస్థలకే అప్పగించాలని రోగుల సంఘాలు అడుగుతున్నాయి. మేమూ ఆ పక్షమే. కానీ లాభాపేక్ష లేదని పత్రాల మీద రాయించుకుంటే చాలునన్న నమ్మకం మాకు లేదు. అలా రాయించుకున్న చోట్ల జరిగింది చూశాకే ఈ మాట అంటున్నాం.

ముందు ఈ ఆలోచన ఎక్కడ మొదలైందో గుర్తుచేసుకోవాలి. మూర్ఛతో బాధపడిన వాలెరీ కొరాల్, ఆమె భర్త మైఖేల్ 1993లో కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్‌లో రోగుల సహకార సంఘం ఒకటి స్థాపించారు. ఓపికున్న సభ్యులు తోటపని చేసేవారు. లేవలేనివారికి మిగతావారు అందించేవారు. డబ్బు లేదని ఎవరినీ వెనక్కి పంపలేదు. సభ్యుల్లో చాలామంది చావుకు దగ్గరైనవారు కనుక ఆ సంఘం మందు పంపిణీ దగ్గర ఆగలేదు, చివరి రోజుల్లో మంచం పక్కన మనిషిని కూడా ఇచ్చింది. 2002 సెప్టెంబరులో కేంద్ర మాదకద్రవ్య నిరోధక అధికారులు దాడిచేసి మొక్కలన్నీ నరికి తీసుకుపోయారు. కొద్దిరోజులకే నగరపాలక భవనం ముందు, ఊరి పెద్దల సమక్షంలో, సంఘం రోగులకు బహిరంగంగా మందు పంచింది. ఏ శాసనమూ ఆ సంఘాన్ని లాభాపేక్ష మానుకోమని ఆదేశించలేదు. అక్కడ పెంచేవారూ వాడేవారూ ఒకరే. లెక్క చూసేదీ వారే.

తర్వాత వచ్చిన చట్టాలు ఆ నమూనాలోంచి పేరు తీసుకుని అసలు సంగతి వదిలేశాయి. 2010లో అమెరికాలోని అరిజోనా రాష్ట్ర ఓటర్లు ఆమోదించిన చట్టం రోగులకు గంజాయి ఇచ్చే దుకాణాలు లాభాపేక్ష లేకుండా నడవాలని చెప్పింది. ఆ వెంటనే, వాటికి ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు అక్కర్లేదని, సంస్థగా నమోదు కానక్కర్లేదని కూడా చెప్పింది. ఆదాయాన్ని ఎలా ఖర్చుపెడతారో సొంత నియమావళిలో రాసుకుంటే సరిపోతుంది. మసాచుసెట్స్‌లో 2012 ఓటింగుతో వచ్చిన చట్టం కూడా ఇదే షరతు పెట్టింది. అక్కడ కొందరు దరఖాస్తుదారులు రెండు సంస్థలు పెట్టుకున్నారు. లైసెన్సు కోసం లాభం లేనిది, దానికి స్థలం అద్దెకివ్వడానికి, అప్పివ్వడానికి, నిర్వహణ సేవలు అమ్మడానికి లాభం కోసం నడిచేది. రెండింటి వెనకా అవే ముఖాలు. మిగులు లేదని పద్దులు నిజాయితీగానే చెబుతాయి, ఎందుకంటే మిగలాల్సినదంతా అద్దెలు, వడ్డీలు, నిర్వహణ రుసుముల పేరుతో ముందే దాటిపోయింది. కంచే చేను మేసింది. 2017లో ఆ రాష్ట్రం షరతునే సడలించి, అలాంటి సంస్థలు లాభాపేక్ష గల కంపెనీలుగా మారడానికి దారి తెరిచింది. ముసుగు తీశారు, అంతే అనేవారూ ఉన్నారు. ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం.

నిజాయితీగా నడిచిన సంస్థలకు మరో వైపు నుంచి దెబ్బ తగిలింది. నిషిద్ధ మాదకద్రవ్యాల వ్యాపారులు అద్దె, జీతాల వంటి ఖర్చులు చూపి ఆదాయపు పన్ను తగ్గించుకోరాదని అమెరికా 1982లో 280ఈ అనే నిబంధన చేసింది. అది దొంగరవాణాదారుల కోసం రాసింది. రాష్ట్ర చట్టం ప్రకారం లైసెన్సుతో మందు ఇచ్చే సేవాసంస్థల మెడకూ అదే చుట్టుకుంది, ఎందుకంటే కేంద్రం దృష్టిలో వాటికి పన్ను మినహాయింపు గల సంస్థ హోదా దక్కలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిడ్స్, క్యాన్సర్ రోగులకు సలహాలు, ఆసరా సమావేశాలు, భోజనంతో పాటు గంజాయి కూడా అందించిన ఒక సంస్థ కేసులో పన్నుల కోర్టు 2007లో సేవల ఖర్చును ఒప్పుకుని, మందు పంపిణీ ఖర్చును తోసిపుచ్చింది. ఒకే గదిలో ఒకే మనిషి చేసిన పనిని రెండుగా చీల్చిన తీర్పు అది. చట్టం ఉన్నది ఉన్నట్టు చదివితే కోర్టును తప్పుపట్టలేం. చట్టాన్ని పట్టాలి.

ఇంతకంటే విచిత్రం కాలిఫోర్నియాలోనే జరిగింది. 2018 జనవరిలో వినోదం కోసం కూడా అమ్మకాలు మొదలయ్యాక, పేద రోగులకు ఉచితంగా ఇచ్చే గంజాయి మీద సైతం పన్ను కట్టాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి దానం చేసిన పెంపకందారులు చేతులెత్తేశారు. 2019లో ప్రత్యేక చట్టం తెచ్చి ఆ దానాలకు పన్ను మినహాయించేదాకా రోగుల సంఘాలు శాసనసభ చుట్టూ తిరగాల్సి వచ్చింది. కెనడాలో డాక్టరు చీటీ మీద కొనే ఇతర మందులకు అమ్మకపు పన్ను ఉండదు. గంజాయికి ఉంది, 2018 అక్టోబరు నుంచి దానికి ఎక్సైజు సుంకం కూడా తోడైంది. ఖజానాకూ ఒక వాటా కావాలనుకున్నప్పుడు లాభాపేక్ష గురించి ప్రభుత్వాలు ఇతరులకు చెప్పే నీతులు కాస్త తేలిపోతాయి.

లాభం మీద మాకు పగ లేదు. అరుదైన రెండు రకాల పసిపిల్లల మూర్ఛలకు 2018 జూన్‌లో అమెరికా ఆమోదం పొందిన ఎపిడియోలెక్స్ అనే ద్రావణం (గంజాయిలోని మత్తునివ్వని పదార్థం సీబీడీతో చేసినది) వెనక ఒక కంపెనీ ఏళ్లకు ఏళ్లు పెట్టిన క్లినికల్ పరీక్షల ఖర్చుంది. అంత సొమ్మును ఏ తోటపని సంఘమూ సమకూర్చలేదు. ఆ మందు వార్షిక జాబితా ధర సుమారు 32,500 డాలర్లుగా ప్రకటించారన్నదీ అంతే నిజం. కొత్త మందును నిరూపించడానికి పెట్టుబడి కావాలి, దానికి ప్రతిఫలమూ ఉండాలి. అయితే ఎండబెట్టిన పూతను, దాని నుంచి తీసిన నూనెను పరీక్షించి రోగికి చేర్చడంలో అలాంటి ఆవిష్కరణేమీ లేదు. ఇక్కడ కావలసింది బూజు, పురుగుమందుల అవశేషాలు, భారలోహాలు లేని సరుకు, ప్రతిసారీ ఒకే మోతాదు, నిలకడైన సరఫరా. ఇందులో వాటాదారుకు రాబడి పెరగాలంటే రెండే దారులు: ధర పెంచడం, వాడకం పెంచడం. రోగికి రెండూ చేటే.

వాడకం పెంచడమన్నది తక్కువగా చర్చకొచ్చే విషయం. మత్తునిచ్చే టీహెచ్‌సీ దట్టంగా ఉన్న రకాలు వేగంగా అమ్ముడవుతాయి. మత్తు తక్కువగా, సీబీడీ ఎక్కువగా ఉండే రకాలను అడిగేవారు కొద్దిమందే. అమ్మకాలే కొలబద్ద అయితే పెంపకపు గదిలో చోటు దేనికి దక్కుతుందో చెప్పనక్కర్లేదు. ఒక రోగికి రెండేళ్లుగా సరిపడిన రకం గిట్టుబాటు కాలేదన్న కారణంతో అటకెక్కితే, ఆ మనిషి మోతాదు వెతుకులాటను మొదటి నుంచి ప్రారంభించాలి. “మీ జబ్బుకు ఇది పనిచేయదు, డబ్బు వృథా చేసుకోకండి” అని చెప్పగల కౌంటరు కూడా రోగులకు కావాలి. జీతం అమ్మకాలతో ముడిపడని చోటే ఆ మాట వినబడుతుంది.

రోగుల పక్షం వహించేవారు ఒప్పుకోవడానికి ఇష్టపడని సంగతి ఒకటుంది. లాభం లేని ఉత్పత్తి కొరత తేవచ్చు. ఇటలీ ఫ్లోరెన్స్‌లోని సైనిక ఔషధ కర్మాగారానికి గంజాయి పెంపకం అప్పగించింది. సరుకు నాణ్యమైనదే కానీ అవసరానికి చాలలేదు, దిగుమతులు తప్పలేదు. అమెరికా రాష్ట్రమైన న్యూమెక్సికోలో లాభాపేక్ష లేని ఉత్పత్తిదారులకు 450 మొక్కల పరిమితి పెట్టారు. రోగుల సంఖ్య పెరిగినా అంకె కదల్లేదు. ఆ పరిమితికి హేతువు లేదని 2018లో కోర్టు తేల్చాల్సి వచ్చింది. మందు దొరకని రోగి వెళ్లేది పరీక్షలు లేని దొంగబజారుకే. కాబట్టి ఒకే సంస్థకు గుత్తాధిపత్యం ఇవ్వకూడదు, మొక్కల సంఖ్యను రోగుల సంఖ్యతో ముడిపెట్టాలి, సొంతానికి పెంచుకునే రోగిని నేరస్థుడిగా చూడకూడదు. కెనడా 2014లో ఇంటి పెంపకాన్ని రద్దుచేయబోతే, అది రోగుల హక్కులకు విరుద్ధమని 2016లో ఫెడరల్ కోర్టు చెప్పిన సంగతి మరవరాదు.

కొత్తగా చట్టం రాసే ఏ ప్రభుత్వమైనా సంస్థ పేరుకంటే దాని ఒప్పందాలను ముందు తెరిచి చూడాలి. పాలకమండలి సభ్యులకు, వారి బంధువులకు వాటా ఉన్న కంపెనీతో అద్దె, అప్పు, నిర్వహణ ఒప్పందాలను నిషేధించాలి. అది కుదరకపోతే బయటి ఆడిటరు మార్కెట్ ధరతో పోల్చి ఆమోదించాకే అనుమతించాలి. గ్రాముకు ఉత్పత్తి ఖర్చెంత, రోగి చెల్లించేదెంత అన్నది ఏటా బహిరంగపరచాలి. పాలకమండలిలో రోగులకు ఓటు ఉండాలి, అలంకారానికి ఒక్కరు చాలరు. వైద్య అవసరానికి ఇచ్చే సరుకు మీద సుంకం ఎత్తివేయాలి.

మరొక్క షరతు అన్నిటికంటే ముందే రాసిపెట్టుకోవాలి. సేవాసంస్థ ఏదో ఒకరోజు కంపెనీగా మారదలచుకుంటే, అప్పటిదాకా రోగుల సొమ్ముతో పెరిగిన లైసెన్సు విలువ, స్థలం, పెంపకపు గదుల విలువ కట్టి, ఆ మొత్తాన్ని పేద రోగుల మందుల నిధికి జమచేయాలి. ఈ షరతు లైసెన్సు చేతికిచ్చే రోజునే ఉండాలి. కొనేవారు తలుపు దగ్గర నిలబడ్డాక దీన్ని చేర్చడానికి ఏ పాలకమండలీ ఒప్పుకోదు.